మనవాడా, మంచివాడా? పులివెందుల డాక్టరు గారి జీవితం మన ఓటుకు చెప్పే పాఠం



ఎన్నికలు దగ్గరపడితే మన సంఘాల్లో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కునే వేళ, ఇద్దరు ముగ్గురు పెద్దలు పాస్టరు గారిని పక్కకు పిలుస్తారు. ఈసారి నిలబడ్డవాళ్లలో ప్రభువును నమ్ముకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మెల్లగా అడుగుతారు. మా ఖాజీపేటలోనూ ఇది కొత్త కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఏ సంఘానికి వెళ్లినా ఇదే మాట. అదే సమయంలో బస్టాండు దగ్గర టీ అంగడి ముందు కూర్చున్నవాళ్లు ఇదే ప్రశ్నను తిరగేసి అడుగుతుంటారు. ఫలానా అభ్యర్థి ఇంట్లో బైబిలు ఉందట, నిజమేనా అని. ఒకరు ఓటు వేయడానికి కారణం వెతుకుతున్నారు, ఇంకొకరు వేయకుండా ఉండడానికి. ఇద్దరూ చూస్తున్నది మాత్రం ఒక్కటే, మనిషి మతం.

అభ్యర్థి మతాన్ని ఓటరు పట్టించుకోవాలా? ఈ ప్రశ్నను మన జిల్లాలో పుట్టి, మన మధ్య తిరిగి, మన మట్టిలోనే నిద్రిస్తున్న ఒక మనిషి జీవితాన్ని ముందు పెట్టుకుని ఆలోచిద్దాం. ఆయన డాక్టర్ యెడుగూరి సందింటి రాజశేఖర రెడ్డి గారు. ఏ పార్టీకీ ఓటు అడగడానికి ఈ మాటలు రాయడం లేదు. ఆయన పేరు చెప్పి ఓట్లు అడిగేవాళ్లు, ఆయన పేరు చెప్పి తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల సంగతి వాళ్లకు వదిలేసి, ఆ జీవితంలో మన ప్రశ్నకు సంబంధించిన భాగం మాత్రం చూద్దాం.

జమ్మలమడుగు నుంచి పులివెందులకు

రాజశేఖర రెడ్డి గారు 1949 జూలై 8న జమ్మలమడుగులో పుట్టారు. తండ్రి రాజారెడ్డి గారు, తల్లి జయమ్మ గారు. క్రైస్తవ విశ్వాసంలో ఉన్న రెడ్డి కుటుంబం. మన కడప సీమలో సువార్తకు చాలా పాత చరిత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీ వారు రెండు వందల ఏళ్ల కిందటే ఇక్కడ పని మొదలుపెట్టారు. బడులు పెట్టారు, జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టారు. కాంప్‌బెల్ ఆసుపత్రి అంటే ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. ఆ సంఘాలే 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. నేటి రాయలసీమ అధ్యక్ష మండలానికి అవే వేళ్లు.

రాజశేఖర రెడ్డి గారి చదువు బళ్లారిలో సెయింట్ జాన్స్ పాఠశాలలో, తర్వాత విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో సాగింది. గుల్బర్గా వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివారు. అక్కడే విద్యార్థి సంఘానికి నాయకుడయ్యారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు తోటివాళ్లు ఆయన్ను తమ సంఘానికి నాయకుడిగా ఎన్నుకున్నారు. చదువు ముగించుకుని వచ్చి కొంతకాలం జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరు మీద 70 పడకల ధర్మాసుపత్రి మొదలైంది. వైద్యానికి ఒక్క రూపాయి తీసుకున్న డాక్టరుగా ఆయన్ను పులివెందుల పెద్దవాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ కుటుంబం అక్కడ పాలిటెక్నిక్, డిగ్రీ కళాశాలలు కూడా పెట్టి, తర్వాత వాటిని లయోలా విద్యాసంస్థలకు అప్పగించింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ ఆసుపత్రి మెట్లెక్కినవాళ్లలో ఎక్కువమంది హిందువులు, ముస్లింలు. డాక్టరు గారు ఏ గుడికి వెళ్తారు, ఏ దేవుణ్ణి మొక్కుతారు అని వాళ్లు అడగలేదు. జ్వరం తగ్గుతుందా లేదా అన్నది వాళ్లకు కావలసింది. డాక్టరు కూడా రోగి మతం అడగలేదు. మిషన్ ఆసుపత్రులు మన జనానికి నేర్పిన పాఠం ఇదే. మంచి సమరయుడి ఉపమానంలో దారిన పడి ఉన్న మనిషి దగ్గరకు వచ్చినవాడు సమరయుడా యూదుడా అన్నది గాయపడినవాడికి అడ్డం రాలేదు. గాయం కట్టింది ఎవరు అన్నదే ప్రభువు మనల్ని అడిగిన ప్రశ్న.

ఓటు అడిగిన మనిషి

1978లో, ముప్పై ఏళ్లు నిండకముందే, రాజశేఖర రెడ్డి గారు పులివెందుల నుంచి శాసనసభకు గెలిచారు. ఆ తర్వాత కాంగ్రెస్‌లో కొనసాగి 1980 నుంచి 1983 వరకు మంత్రిగా ఉన్నారు. 1983లో రామారావు గారి తెలుగుదేశం గాలి రాష్ట్రమంతా వీచినప్పుడు కాంగ్రెస్ హేమాహేమీలు ఓడిపోయారు. పులివెందుల మాత్రం ఆయన్ను వదల్లేదు. 1985లోనూ గెలిపించింది. 1989, 1991, 1996, 1998 ఎన్నికల్లో కడప నుంచి లోక్‌సభకు వెళ్లారు. మా ఖాజీపేట ఓటు కూడా ఆ కడప పార్లమెంటు స్థానంలోదే.

ఆ నాలుగు గెలుపులూ ఒకే తీరువి కావు. 1996లో ఆయన అతి తక్కువ ఆధిక్యంతో బయటపడ్డారు. అప్పటికీ ఇప్పటికీ ఆయన మతంలో మార్పేమీ లేదు. ఓటర్ల మతాల్లోనూ మార్పు లేదు. మరి ఓట్లు ఎందుకు తగ్గాయి, ఎందుకు పెరిగాయి? మనసు మారింది జనానిది. నీళ్లు, పంట ధర, పార్టీల గాలి, ఊళ్లలో వర్గాలు, కులాల లెక్కలు, ఇవన్నీ ఆ ఓటులో ఉన్నాయి. కడప జిల్లా రాజకీయాల గురించి ఎవరైనా నిజాయితీగా మాట్లాడితే మతం కన్నా ముందు కులం, వర్గం అనే మాటలే వస్తాయి. ఆ వర్గ కక్షల వేడి ఎలాంటిదో ఆ ఇంటికీ తెలుసు. 1998లో రాజారెడ్డి గారు హత్యకు గురయ్యారు.

1999లో రాజశేఖర రెడ్డి గారు మళ్లీ పులివెందుల నుంచి శాసనసభకు వచ్చి ప్రతిపక్ష నాయకుడయ్యారు. కరువు మీద కరువు వచ్చిన కాలమది. 2003 ఏప్రిల్ 9న, మండుటెండల్లో, చేవెళ్ల నుంచి నడక మొదలుపెట్టారు. రెండు నెలల పైన, 1,400 కిలోమీటర్లకు పైగా నడిచి ఇచ్ఛాపురం చేరారు. దారిలో రాజమండ్రి దగ్గర ఎండదెబ్బకు జబ్బుపడినా ఆపలేదు. ఆ నడకలో ఆయన ఎదురుపడిన రైతుకు తన మతం చెప్పుకోలేదు, రైతు తన మతం చెప్పుకోలేదు. ఎండిన బోరు, కట్టలేని కరెంటు బిల్లు, తీరని అప్పు, ఇవే ఆ మాటల్లో ఉన్నాయి.

2004 ఎన్నికల్లో కాంగ్రెస్ 185 స్థానాలు గెలిచింది. మే 14న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు.

ఇక్కడ ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి. 2001 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.55 శాతం. హిందువులు 89 శాతం. బాహాటంగా క్రైస్తవుడైన ఒక మనిషిని, ఏ దాపరికం లేకుండా క్రిస్మస్‌కు చర్చికి వెళ్లే కుటుంబం నుంచి వచ్చిన మనిషిని, నూటికి ఇద్దరు కూడా క్రైస్తవులు లేని రాష్ట్రం ముఖ్యమంత్రిని చేసింది. 2009లో మళ్లీ చేసింది. ఆయన్ను గెలిపించింది క్రైస్తవ ఓటు అని మనలో కొందరు గర్వంగా చెప్పుకుంటారు. లెక్క ఒప్పుకోదు. ఆయన్ను గెలిపించింది హిందూ ఓటరు. అభ్యర్థి మతాన్ని పక్కన పెట్టి ఓటు వేయగల మనసు మన పొరుగువాళ్లకు ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ మనసు వాళ్లకు ఉన్నప్పుడు మనకు ఉండకపోతే ఎలా?

ముఖ్యమంత్రి కుర్చీలో

విశ్వాసి అధికారంలో కూర్చుంటే ఏం చేయాలి? తన సంఘానికి మాత్రమే మేలు చేయాలా? యోసేపు ఐగుప్తులో గోదాములు కట్టించినప్పుడు వాటిలో ధాన్యం ఇశ్రాయేలు పిల్లలకే అని రాసిపెట్టలేదు. ఐగుప్తీయులు తిన్నారు, పొరుగు దేశాలవాళ్లు తిన్నారు, తనను అమ్మేసిన అన్నలూ తిన్నారు. దానియేలు బబులోను రాజు దగ్గర పనిచేస్తూ తన ప్రార్థన మానలేదు, రాజుగారి పనిలో లోపమూ రానివ్వలేదు.

2005లో రోడ్లమీదికి వచ్చిన 108 అంబులెన్సు ఎవరి మతం అడిగి ఆగలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెల్ల రేషన్ కార్డు చూసింది, బాప్తిస్మ పత్రం చూడలేదు. గుండె ఆపరేషన్ అంటే ఇల్లు అమ్ముకోవడమే అనుకున్న కూలి మనిషి కార్పొరేట్ ఆసుపత్రి పడక మీద పడుకున్నాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివిన పిల్లలు మన సంఘాల్లోనూ ఉన్నారు, పక్క వీధి రామాలయం దగ్గరి ఇళ్లలోనూ ఉన్నారు. కడపలో రిమ్స్ ఆసుపత్రి, యోగి వేమన విశ్వవిద్యాలయం, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, ఇవన్నీ అందరివీ.

మత విషయాల్లో ఆయన ప్రభుత్వం చేసిన పనులు కూడా ఒక్క వైపువి కావు. ముఖ్యమంత్రిగా బ్రహ్మోత్సవాల వేళ తిరుమలకు వెళ్లి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించారు. ఆదాయం లేని చిన్న గుళ్ల కోసం ధూప దీప నైవేద్య పథకం ఆయన కాలంలోనే వచ్చింది. తిరుపతిలో వేద విశ్వవిద్యాలయం పెట్టారు. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్ తెచ్చారు. మొదటి ప్రయత్నాలు హైకోర్టులో నిలవకపోతే 2007లో 4 శాతంతో మళ్లీ చట్టం చేశారు. 2008లో జెరూసలేం యాత్రకు వెళ్లే క్రైస్తవులకు సాయం ప్రకటించారు.

పట్టువస్త్రాల విషయంలో మనలో కొందరు అప్పట్లో నొచ్చుకున్నారు. విశ్వాసి అలా చేయవచ్చా అని సంఘాల్లో చర్చ జరిగింది. ఆ మాట తేలికగా తీసేయదగ్గది కాదు. ఒక్క మనస్సాక్షి ఇంకొక మనస్సాక్షికి తీర్పు తీర్చడం మనకు తగదని అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి నేర్పాడు. అది ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నవాడు రాష్ట్రం తరఫున చేసే ఆచారం అని కొందరం అనుకున్నాం. ఇంకొందరం అలా అనుకోలేకపోయాం. అది ఆయనకూ దేవునికీ మధ్య సంగతి. ఓటరుగా మనం అడగవలసింది వేరే. ఆ గుడికి వెళ్లే మనిషికి, ఆ మసీదుకు వెళ్లే మనిషికి, మన చర్చికి వచ్చే మనిషికి ఒకే న్యాయం దొరికిందా?

రెండు వైపుల నుంచీ నింద

ఆయన మతం ఆయనకు ఎన్నికల్లో అడ్డం రాకపోయినా, అధికారంలో ఉన్నంతకాలం వివాదంగా మాత్రం ఉంది. రాష్ట్రంలో మతమార్పిడులు పెరగడానికి ఆయనే కారణమని ప్రతిపక్షంలో కొందరు ప్రచారం చేశారు. అల్లుడు సువార్తికుడు కావడాన్ని కూడా దానికి జోడించారు. తిరుమలలో అన్యమత ప్రచారం జరుగుతోందన్న ఆరోపణ రగిలింది.

దానికి ఆయన ప్రభుత్వం ఇచ్చిన జవాబు మన సంఘాలను ఆశ్చర్యపరిచింది. 2007లో ఒక మతం ప్రార్థనా స్థలాల దగ్గర ఇంకొక మతం ప్రచారం చేయకూడదంటూ ఆర్డినెన్సు తెచ్చింది. క్రైస్తవ నాయకుల్లో కొందరు దీన్ని తప్పుబట్టారు. మనవాడు అనుకుంటే మన నోరు కట్టేశాడే అన్న బాధ అందులో ఉంది. ఒక వైపు ఆయన క్రైస్తవుడు కాబట్టి హిందువులకు అన్యాయం చేస్తాడన్నారు. మరో వైపు క్రైస్తవుడై ఉండి మనకు అన్యాయం చేశాడన్నారు. రెండు నిందలకూ వేరు ఒక్కటే. పాలకుడు తన మతానికి ఋణపడి ఉండాలని రెండు వైపులా అనుకున్నారు. ఆ ఋణం తీర్చేస్తాడేమో అని వాళ్లకు భయం. తీర్చలేదే అని మనకు కోపం.

ప్రియులారా, ఆ ఆర్డినెన్సు మంచిదా కాదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. ఒక సంగతి మాత్రం ఒప్పుకుందాం. మన ఆరాధన జరుగుతుండగా చర్చి గేటు ముందు నిలబడి ఎవరైనా వేరే మతం కరపత్రాలు పంచితే మనకు ఎలా ఉంటుందో, తిరుమలలో వాళ్లకూ అలాగే ఉంటుంది. ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుతామో అదే వాళ్లకు చేయమన్న ప్రభువు మాట ఈ విషయానికి కూడా వర్తిస్తుంది.

ఆయన పాలన మీద మతంతో సంబంధం లేని విమర్శలూ ఉన్నాయి. జలయజ్ఞం పనుల ఖర్చు మీద, భూముల కేటాయింపుల మీద ఆరోపణలు వచ్చాయి. ఆయన పోయిన తర్వాత సీబీఐ విచారణ కూడా జరిగింది. మనవాడు అన్న ప్రేమతో మనం ఈ పేజీని చింపేయకూడదు. క్రైస్తవ పాలకుడిని అడగవలసిన ప్రశ్నలు ఇతరులను అడిగే ప్రశ్నలకన్నా తక్కువ కాకూడదు. దావీదు దేవునికి ఇష్టుడైన రాజే. అయినా నాతాను ప్రవక్త ఆయన ముందు నిలబడి వేలెత్తి చూపించాడు. రాజు మనవాడు కాబట్టి ఊరుకుందాం అనుకోలేదు.

ఆయనకు లేని కష్టం, మనకున్న కష్టం

ఇంతవరకు చెప్పింది విని, మతం అసలు అడ్డమే కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. అలా అనేముందు మన సంఘాల్లో కూర్చున్న మెజారిటీ విశ్వాసుల ముఖాలు చూడాలి.

రాజశేఖర రెడ్డి గారు పుట్టుకతో రెడ్డి. ఆయన క్రైస్తవుడైనందువల్ల చట్టం ఆయన దగ్గర నుంచి ఏమీ తీసుకోలేదు. పులివెందుల జనరల్ స్థానం. అక్కడ నిలబడడానికి ఆయన మతం ఎవరూ అడగనక్కర్లేదు. అదే జిల్లాలో బద్వేలు షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన స్థానం. అక్కడ నిలబడాలనుకున్న మాల, మాదిగ యువకుడి మతాన్ని చట్టమే అడుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలోకి వచ్చినవాడు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉండడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. దళిత క్రైస్తవుడు మన రాష్ట్రంలో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. ఊళ్లో అతని ఇల్లు పాత వాడలోనే ఉంటుంది, హోటల్లో గ్లాసు వేరుగా ఉన్న రోజులు అతనూ చూశాడు. కానీ కాగితం మీద అతని కులం మారిపోయింది.

అందుకే మన సంఘాల్లో ఎన్ని కుటుంబాలు బాప్తిస్మం తీసుకుని కూడా రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి వెనకాడుతున్నాయో కాపరులందరికీ తెలుసు. వాళ్లను విశ్వాసం చాలనివాళ్లని వేదిక మీద నుంచి తిట్టడం తేలిక. పిల్ల చదువు, కొడుకు ఉద్యోగం, ఊళ్లో సర్పంచి పదవి, ఇవన్నీ ఆ ఒక్క సంతకం మీద ఆధారపడినప్పుడు ఆ భారం ఎంతటిదో వాళ్లకే తెలుసు.

అభ్యర్థి మతం ఓటరుకు సంబంధం ఉందా అన్న ప్రశ్న పులివెందులలో ఒక రకంగా ఉంటుంది, బద్వేలులో ఇంకో రకంగా ఉంటుంది. ఒకచోట జనం మతాన్ని పక్కన పెట్టగలిగారు. ఇంకోచోట చట్టమే దాన్ని ముందుకు తెచ్చి పెట్టింది. రాజశేఖర రెడ్డి గారికి ఈ తేడా తెలియకపోలేదు. 2009 ఆగస్టులో, ఆయన మరణానికి కొద్ది రోజుల ముందు, దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ శాసనసభ తీర్మానం చేసింది. దానికి రెండేళ్ల ముందే రంగనాథ్ మిశ్రా కమిషన్ కులానికీ మతానికీ ముడి విప్పమని సిఫారసు చేసింది. తీర్మానం ఢిల్లీ చేరింది. ముడి మాత్రం ఇంకా విప్పలేదు. అభ్యర్థులు మన సంఘాలకు వచ్చినప్పుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయించుకుని ఫొటో దిగి వెళ్లనివ్వకుండా, ఈ సంగతి అడగాలి.

మన పెద్దలు నిర్ణయించుకున్న దారి

మతాన్ని బట్టి ఓటు వేసే పద్ధతి మన దేశంలో ఒకప్పుడు నిజంగా ఉండేది. బ్రిటిషువారి కాలంలో, 1935 చట్టం కింద, మద్రాసు రాష్ట్ర శాసనసభలో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక స్థానాలు ఉండేవి. రాజ్యాంగం రాసేటప్పుడు వాటిని కొనసాగించాలా అన్న ప్రశ్న వచ్చింది. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ గారు బెంగాలీ క్రైస్తవుడు. ఆయన, జెరోమ్ డిసౌజా గారు వంటి క్రైస్తవ నాయకులు ఆ ప్రత్యేక స్థానాలు మాకు వద్దన్నారు. పొరుగువాడి మనసు మీద నమ్మకం ఉంచి ఆ రక్షణను వదులుకున్నారు. పులివెందుల నుంచి ఒక క్రైస్తవుడు జనరల్ ఓటుతో గెలిచి ముఖ్యమంత్రి కావడం ఆ నమ్మకానికి వచ్చిన ఫలం.

మన చట్టం కూడా ఈ దారినే నడుస్తుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరు చెప్పి ఓటు అడగడం అక్రమ పద్ధతి. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని మరింత గట్టిగా చెప్పింది. అభ్యర్థి తన మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనంది. ప్రార్థనా స్థలాలను రాజకీయాలకు వాడకూడదని 1988 చట్టం చెబుతోంది. కాబట్టి కాపరులు వేదిక మీద నుంచి ఫలానావాడు మనవాడు, అతనికే ఓటు వేయండి అంటే అది ఆత్మీయంగా మాత్రమే కాదు, చట్టపరంగా కూడా తప్పు. సంఘాన్ని కోర్టు మెట్లెక్కించే తప్పు.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. అమెరికాలో 1928లో ఆల్ స్మిత్ కేథలిక్కు అయినందువల్ల ఎంతో వ్యతిరేకత ఎదుర్కొని ఓడిపోయాడు. 1960లో జాన్ కెన్నెడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంటు కాపరుల ఎదుట నిలబడి తన విశ్వాసం గురించి వాళ్ల అనుమానాలకు జవాబు చెప్పవలసి వచ్చింది. అక్కడ అనుమానించినవాళ్లు క్రైస్తవులే, అనుమానానికి గురైనవాడూ క్రైస్తవుడే.

షెకెము వారి తప్పు

న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఒక ఎన్నిక కథ ఉంది. అబీమెలెకు షెకెముకు వెళ్లి తన తల్లి తరఫు బంధువులను పట్టుకుని, నేను మీ రక్త సంబంధిని అని గుర్తుచేయించాడు. షెకెము పెద్దలకు ఆ మాట చాలింది. మనవాడు కదా అని గుడి ఖజానా నుంచి డబ్బు తీసి ఇచ్చారు. ఆ డబ్బుతో అతను పనికిమాలినవాళ్లను కూడగట్టుకుని సొంత అన్నదమ్ములను డెబ్బది మందిని చంపించాడు. చివరికి షెకెమునే తగలబెట్టాడు. తప్పించుకున్న యోతాము కొండ మీద నిలబడి చెట్ల కథ చెప్పాడు. ఒలీవ చెట్టు, అంజూరపు చెట్టు, ద్రాక్షావల్లి తమ పని వదిలి రానన్నాయి. ముళ్లపొద మాత్రం సరేనంది. తన నీడలోకి రమ్మని పిలిచింది. ముళ్లపొదకు నీడ ఎక్కడిది?

మనవాడు అన్న ఒక్క మాట మీద ఓటు వేస్తే జరిగేది ఇదే. మనవాడు కాడు అన్న ఒక్క మాట మీద ఓటు వేయకపోవడం కూడా దీనికి జంట తప్పే. ఇశ్రాయేలును చెర నుంచి విడిపించడానికి దేవుడు వాడుకున్నది ఇశ్రాయేలీయుణ్ణి కాదు, పారసీక రాజైన కోరెషును.

అయితే అభ్యర్థి విశ్వాసానికి ఏ విలువా లేదా? ఉంది. యిత్రో తన అల్లుడు మోషేకు ఇచ్చిన సలహా గుర్తుతెచ్చుకోండి. సామర్థ్యం ఉన్నవాళ్లను, దేవునికి భయపడేవాళ్లను, సత్యంగా నడిచేవాళ్లను, లంచాన్ని అసహ్యించుకునేవాళ్లను ఎంచుకోమన్నాడు. ఆ సలహా ఇచ్చిన యిత్రో మిద్యాను యాజకుడు, ఇశ్రాయేలీయుడు కాదు. అతను చెప్పిన కొలతలు నాలుగూ మనిషి నడతకు సంబంధించినవి. దేవుని భయం ఉన్నవాడి జీవితంలో అది కనబడుతుంది. బోర్డు మీద పేరు చూసి కాక పండు చూసి చెట్టును గుర్తించమని ప్రభువు చెప్పాడు.

కాబట్టి ఈసారి ఓటు వేసేముందు ఈ ప్రశ్నలు వేసుకుందాం. ఈ మనిషి గతంలో అధికారంలో ఉంటే పేదవాడి పని చేశాడా? ఓటుకు డబ్బు పంచుతున్నాడా? ఊళ్లో కక్షలు చల్లారుస్తాడా, రగిలిస్తాడా? తన మతం కాని మనిషి తన గడప తొక్కితే మర్యాదగా కూర్చోబెడతాడా? మన దళిత సోదరుల హక్కు గురించి ఒక్క మాట అడిగితే తప్పించుకుంటాడా, నిలబడి జవాబు చెబుతాడా? ఈ ప్రశ్నలకు జవాబు తెలిశాక అతను ఏ గుడికి వెళ్తాడన్నది పెద్ద సంగతిగా మిగలదు.

2009 సెప్టెంబరు 2న రాజశేఖర రెడ్డి గారు చిత్తూరు జిల్లాలో రచ్చబండకు బయలుదేరారు. నల్లమల అడవుల్లో పావురాలగుట్ట మీద హెలికాప్టర్ కూలి, ఆయనతో పాటు మరో నలుగురు చనిపోయారు. ఇడుపులపాయలో క్రైస్తవ విధి ప్రకారం ఆయన్ను సమాధి చేశారు. ఆ రోజుల్లో మన జిల్లాలో గుళ్లలో పూజలు చేసినవాళ్లు ఉన్నారు, దర్గాలో దువా చేసినవాళ్లు ఉన్నారు, చర్చిలో మోకాళ్లూనినవాళ్లు ఉన్నారు. ఆయన్ను ఇష్టపడనివాళ్లు కూడా చాలామంది ఆ రోజు మౌనంగా నిలబడ్డారు. కడప అంటే ఇదే. దేవుని గడప ఒక పక్క, అమీన్ పీర్ దర్గా ఒక పక్క, మన చర్చి గంట ఒక పక్క.

ఈ ఐక్యతను ఒక్క ఎన్నిక కోసం ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. ఆరాధన ముగిశాక పెద్దలు పక్కకు పిలిచి అడిగినప్పుడు మన కాపరులు చెప్పగలిగిన జవాబు ఒకటే. మనవాడు ఎవరని వెతకవద్దు, మంచివాడు ఎవరో చూడండి, ప్రార్థన చేసుకుని మీ మనస్సాక్షి ప్రకారం ఓటు వేయండి. మన దేశాన్ని, మన రాష్ట్రాన్ని, మన కడప నేలను పాలించబోయేవారికి ప్రభువు జ్ఞానాన్ని, నీతిని అనుగ్రహించును గాక. ఆమేన్.